పెట్టె మీది నంబరును చివర చూడాలి

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని గోల్డెన్‌లో ఉన్న రైల్వే మ్యూజియంలో గానీ, న్యూ మెక్సికోలోని చామా, కొలరాడోలోని ఆంటొనీటో యార్డుల్లో గానీ పాత న్యారోగేజ్ గూడ్సు పెట్టె కనిపించగానే ఎవరి చూపైనా ముందుగా దాని పక్కన తెల్ల రంగుతో రాసిన నంబరు మీదికే వెళుతుంది. ఆ నంబరును జాబితాలో వెతికి, దానికి ఎదురుగా ఉన్న సంవత్సరాన్ని పెట్టె వయసుగా రాసుకుని చాలామంది తర్వాతి పెట్టె దగ్గరికి నడుస్తారు. కొలతలు తీసి చిన్న నమూనాలు చేసే అలవాటు ఉన్నవాడిగా నేను ఈ క్రమం తలకిందులైనదని భావిస్తాను. ఒక పెట్టె మీద ఉన్న ఆనవాళ్లన్నిటిలో తేలికగా మారిపోయేది రంగు, నంబరు. అన్నిటికంటే కష్టంగా మారేది చట్రం. కాబట్టి పరిశీలన చట్రంతో మొదలై, నంబరుతో ముగియాలి.

ఒక ఉదాహరణ తీసుకుంటాను. జనరల్ విలియం జాక్సన్ పామర్ 1870లో స్థాపించిన డెన్వర్ అండ్ రియో గ్రాండ్ రైల్వే మూడు అడుగుల గేజును ఎంచుకుని, 1871లో డెన్వర్ నుంచి కొలరాడో స్ప్రింగ్స్ వరకు రైళ్లు నడిపింది. అదే కంపెనీకి 1904లో అమెరికన్ కార్ అండ్ ఫౌండ్రీ వారు 750 బాక్స్‌కార్లు, అంటే పైకప్పుతో మూసి ఉండే గూడ్సు పెట్టెలు, నిర్మించి ఇచ్చారు. 3000 నుంచి 3749 వరకు నంబర్లున్న ఆ పెట్టెల పొడవు సుమారు 30 అడుగులు, మోయగల బరువు 50,000 పౌండ్లు. వీటిలో నేటికీ మిగిలిన ఒక పెట్టెను చూపించి 'ఇది 1904 నాటిది' అంటే ఆ మాట పాక్షికంగానే నిజం. 1920ల మధ్యలో ఈ శ్రేణిని కంపెనీ పెద్ద ఎత్తున పునర్నిర్మించింది. 1921లో కంపెనీ పేరే డెన్వర్ అండ్ రియో గ్రాండ్ వెస్టర్న్‌గా మారడంతో పక్కల మీద అక్షరాలూ మారాయి. ఆ తరువాత కొన్ని పెట్టెలు సరకు మోయడం మాని ట్రాక్ మరమ్మతు సిబ్బందికి సామాను గదులయ్యాయి. చివరికి పర్యాటక రైళ్ల కాలంలో ఇంకోసారి పలకలు మారి, కొత్త రంగు పడింది. అందుచేత ఒకే పెట్టెలో 1904 నాటి బోల్టు, 1926 ప్రాంతపు పలక, 1950ల నాటి అతుకు, ఇటీవలి మరమ్మతు పక్కపక్కనే ఉండే అవకాశం ఉంది. పెట్టె వయసు ఎంత అన్న ప్రశ్న కంటే, ఈ భాగం ఎప్పటికంటే ముందుది కాజాలదు, ఎప్పటికంటే తరువాతది కాజాలదు అన్న రెండు ప్రశ్నలు నాకు ఎక్కువగా పనికివచ్చాయి.

ఇక్కడ న్యారోగేజ్‌కు మాత్రమే ఉన్న ఒక చిక్కు ఉంది, దాన్ని ముందే చెప్పుకోవాలి. నాలుగు అడుగుల ఎనిమిదిన్నర అంగుళాల స్టాండర్డ్ గేజ్ పెట్టెలు దేశమంతటా ఒక కంపెనీ పట్టాల మీది నుంచి మరో కంపెనీ పట్టాల మీదికి వెళ్లేవి గనుక, పాత భాగాలను ఫలానా తేదీ నుంచి అనుమతించబోమని పరిశ్రమ సంఘం నియమం పెడితే అవి కొన్నేళ్లలోనే మాయమయ్యేవి. పెట్టె కింద చక్రాలనూ ఇరుసులనూ పట్టి ఉంచే చట్రాన్ని ట్రక్కు అంటారు; ఇనుప పట్టీలను వంచి బోల్టులతో బిగించే ఆర్చ్‌బార్ ట్రక్కులు ఆ విధంగా 1940ల ఆరంభానికి స్టాండర్డ్ గేజ్ పరస్పర రవాణా నుంచి తొలగిపోయాయి. 1933లో వచ్చిన ఏబీ రకం గాలి బ్రేకు కూడా అలాగే పాత కే రకం బ్రేకును క్రమంగా పక్కకు నెట్టింది. కొలరాడో న్యారోగేజ్ పెట్టెలు మాత్రం తమ కొండదారుల్లోనే తిరిగేవి. అలమోసా వంటి చోట్ల సరకును ఒక గేజు పెట్టెలోంచి మరో గేజు పెట్టెలోకి ఎక్కించేవారు తప్ప పెట్టె ఊరు దాటేది కాదు. అందువల్ల ఆ నియమాల ఒత్తిడి వీటి మీద పడలేదు. దేశంలో ఇతర చోట్ల కనుమరుగైన భాగాలు 1960ల చివర, అలమోసా నుంచి డురాంగో దాకా గూడ్సు రైళ్లు ఆగిపోయేవరకూ, ఇక్కడ పనిచేస్తూనే ఉన్నాయి. స్టాండర్డ్ గేజ్ పుస్తకాలు చదివి అలవాటు పడిన కంటికి ఇక్కడి పెట్టె అసలు కంటే ముప్ఫై ఏళ్లు పాతదిగా కనిపించడానికి ఇదే కారణం.

ఇప్పుడు పెట్టె కిందికి వెళదాం. చెక్క చట్రం ఉన్న పెట్టెలో పొడవునా సాగే దూలాలను, అంటే సిల్లులను, ముందు లెక్కించాలి. తరువాత వాటిని కుంగకుండా నిలిపే ట్రస్ రాడ్లను చూడాలి. ఈ ఇనుప కడ్డీ ఒక చివరి అడ్డదూలంలోంచి బయలుదేరి, ట్రక్కు మీద కూర్చునే బోల్‌స్టర్ పైనుంచి వెళ్లి, అక్కడి నుంచి కిందికి వంగి, పెట్టె నడుమ రెండు అడ్డదూలాల కింద ఉండే క్వీన్ పోస్టులనే పొట్టి ఆధారాల మీదుగా సాగి, మళ్లీ పైకి లేచి అవతలి చివరి అడ్డదూలంలో ముగుస్తుంది. నడుమ ఉండే టర్న్‌బకిల్‌ను తిప్పితే కడ్డీ బిగుసుకుని చట్రం నడుము పైకి లేస్తుంది. కిందికి దూరి చూసే వీలు లేనప్పుడు పెట్టె చివర నిలబడి, అడ్డదూలం మీద పెద్ద వాషర్లతో కనిపించే నట్లను లెక్కిస్తే కడ్డీల సంఖ్య, వాటి మధ్య దూరం తెలిసిపోతాయి. పాత ఫోటోలో కూడా ఈ వాషర్లు తరచుగా స్పష్టంగా పడతాయి కాబట్టి ఫోటోనూ పెట్టెనూ సరిపోల్చడానికి ఇంతకంటే నమ్మకమైన ఆనవాలు నాకు తెలియదు.

క్వీన్ పోస్టు ఆకారం, అది దూలానికి ఎన్ని బోల్టులతో అతికి ఉంది, బోల్‌స్టర్ చెక్కదా, రెండు ఇనుప పలకల మధ్య దిమ్మలు పెట్టినదా, అచ్చుపోసిన ఉక్కుదా అన్నవి ఆ తరువాత రాసుకోవలసిన సంగతులు. ఉక్కు చట్రం కనిపిస్తే కథ వేరు. రియో గ్రాండ్ 6500 శ్రేణి ఫ్లాట్‌కార్లను, అంటే పక్కలూ పైకప్పూ లేని చదును పెట్టెలను, పాత స్టాండర్డ్ గేజ్ బాక్స్‌కార్ల చట్రాల నుంచి తయారు చేశారు. ఆ చట్రంలో కనిపించే రివెట్లు, కోసేసిన పట్టీలు, అర్థం లేని రంధ్రాలు దాని మొదటి జీవితానికి చెందినవి. న్యారోగేజ్ ఫ్లాట్‌కార్ నిర్మాణంలో వాటికి కారణం వెతికితే ఎంతకాలమైనా దొరకదు.

కాలాన్ని నిర్ణయించడంలో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేవి చట్టం వల్ల వచ్చిన మార్పులు. 1893లో అమెరికా కాంగ్రెస్ చేసిన భద్రతా పరికరాల చట్టం, మనిషి రెండు పెట్టెల మధ్యకు వెళ్లకుండా వాటంతట అవే కలిసే కప్లర్లనూ, గాలి బ్రేకులనూ తప్పనిసరి చేసింది. గడువు పొడిగింపుల తరువాత అది 1900లో పూర్తిగా అమలులోకి వచ్చింది. 1903 సవరణ దాన్ని అంతర్రాష్ట్ర రవాణా చేసే రైల్వేల మీద నడిచే వాహనాలన్నిటికీ విస్తరించింది. అంతవరకూ కొలరాడో న్యారోగేజ్ పెట్టెల చివర ఉండేది లింక్ అండ్ పిన్ అమరిక: పోత ఇనుప ముట్టెలో ఒక లింకును దూర్చి పైనుంచి పిన్ను దించేవారు, ఆ పనిలో బ్రేక్‌మెన్ వేళ్లు, చేతులు పోగొట్టుకునేవారు. ఈలై జాన్నీ 1873లో పేటెంట్ పొందిన పిడికిలి ఆకారపు నకల్ కప్లర్ ఆ స్థానంలోకి వచ్చింది. మార్పు కాలంలో రెండు రకాల పెట్టెలనూ కలపవలసి వచ్చేది గనుక తొలినాటి నకల్‌లో లింకు దూరడానికి అడ్డంగా ఒక చీలిక, పిన్ను దిగడానికి నిలువుగా ఒక రంధ్రం ఉండేవి. అలాంటి నకల్ కనిపిస్తే సంతోషించవచ్చు, కానీ కప్లర్ ఒక పూటలో మార్చగల భాగం. పాత కప్లర్‌ను కొత్త పెట్టెకు తగిలించడం కూడా జరిగేది. కప్లర్ వెనక దాన్ని మోసే దిమ్మలను, చివరి అడ్డదూలంలో దాని కోసం కోసిన గాడిని చూడాలి. గాడిని ఒకసారి కోసి, తరువాత వెడల్పు చేసి ఉంటే, కొత్త కోతకూ పాత కోతకూ అంచులు, రంగు వేరుగా ఉంటాయి. ఆ దూలం లింక్ అండ్ పిన్ కాలం నుంచి వచ్చిందనడానికి అది బలమైన సూచన.

ఎత్తు కూడా కొలవాలి. పట్టా తల నుంచి కప్లర్ నడిగీత వరకు గరిష్ఠ ఎత్తు స్టాండర్డ్ గేజ్‌కు 34½ అంగుళాలైతే, న్యారోగేజ్‌కు 26 అంగుళాలు, మెయిన్ రాష్ట్రంలో నడిచిన రెండడుగుల గేజు రైళ్లకు 17½ అంగుళాలు. పట్టాల మీద కాకుండా నేల మీద కూర్చున్న పెట్టెకు ఈ లెక్కే చట్రం అసలు ఎత్తును తేల్చడానికి ఆధారం అవుతుంది.

చట్టం వల్ల వచ్చిన మార్పుల్లో కాలాన్ని చెప్పే రెండవ గీత 1911. ఆ సంవత్సరం మార్చిలో రైల్వేలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ జారీ చేసిన ఉత్తర్వు నిచ్చెనలు, కాలిమెట్లు, చేతిపట్టులు, పైకప్పు మీది నడక పలకలు, చేతి బ్రేకు ఎక్కడ ఎన్ని ఉండాలో, ఎంత మందం ఉండాలో నిర్దేశించింది. చేతిపట్టు కడ్డీ మందం కనీసం ⅝ అంగుళం, నిడివి కనీసం 16 అంగుళాలు, గోడకూ కడ్డీకీ మధ్య కనీసం 2 అంగుళాల ఖాళీ. బిగింపుకు కనీసం ½ అంగుళం బోల్టు. అంతకు ముందు ఈ విషయం ప్రతి కంపెనీ ఇష్టాన్ని బట్టి ఉండేది. చాలా పెట్టెలకు చేతిపట్టులను పెద్ద మర మేకులతో నేరుగా చెక్కలోకి బిగించేవారు, అవి చెక్క పుచ్చిన చోట ఊడి వచ్చేవి. అందువల్ల పెట్టె మూలల్లో ప్రస్తుత చేతిపట్టు బోల్టులకు కొంచెం పైనో కిందో చెక్క బిరడాలతో మూసిన జంట రంధ్రాలు కనిపిస్తే వాటి మధ్య దూరాన్ని తప్పక కొలుచుకోవాలి. ఆ జంటల అమరిక 1911కు ముందు ఫోటోలోని చేతిపట్టులతో సరిపోతే, ఆ మూల స్తంభం ఆనాటి నుంచీ మారలేదని చెప్పవచ్చు. రంధ్రాలే లేకపోతే దాన్ని అంత గట్టి సాక్ష్యంగా తీసుకోకూడదు. పలక తరువాత మార్చి ఉండవచ్చు, కాబట్టి పలక వెనక ఉన్న స్తంభాన్ని లోపలి నుంచి చూడాలి. ఖాళీ రంధ్రాలను శ్రద్ధగా చదవని సర్వే నా దృష్టిలో సగం సర్వే కూడా కాదు. దురదృష్టవశాత్తు మరమ్మతు చేసేవారు మొదట పూడ్చేసేవి కూడా అవే.

బ్రేకు అమరిక గురించి కొద్దిగా చెబితే చాలు. వెస్టింగ్‌హౌస్ కే రకంలో సిలిండరు, గాలి తొట్టి, గాలిని మళ్లించే ట్రిపుల్ వాల్వు ఒకే ముద్దగా కలిసి ఉంటే దాన్ని కేసీ అనీ, విడివిడిగా ఉంటే కేడీ అనీ అంటారు. అడుగున చోటు చాలని పెట్టెలకు రెండవది అనువు. గాలి గొట్టాన్ని చట్రం అడ్డదూలాల గుండా తొలిచి పంపారా, వాటి కింద వేలాడదీశారా అన్నది చూడాలి. వేలాడదీసినట్లయితే చట్రం తయారయ్యాక బ్రేకు అమర్చి ఉండే అవకాశం ఎక్కువ.

ట్రక్కుల మీద నాకు నమ్మకం తక్కువ. జాకీలతో పెట్టెను లేపి ట్రక్కును మార్చడం వర్క్‌షాపులో రోజువారీ పని. పెన్సిల్వేనియాలోని న్యారోగేజ్ రైల్వే ఈస్ట్ బ్రాడ్ టాప్ వారైతే మౌంట్ యూనియన్‌లో స్టాండర్డ్ గేజ్ పెట్టెలనే లేపి న్యారోగేజ్ ట్రక్కుల మీద కూర్చోబెట్టేవారు. అయినా ట్రక్కులో చదవదగినవి రెండున్నాయి. ఒకటి చక్రం మీద పోతలోనే వచ్చిన తయారీదారు పేరు, తేదీ. అది చక్రం తేదీ మాత్రమే. రెండవది ఇరుసు చివర, నూనె పెట్టెలో తిరిగే జర్నల్ కొలత. మాస్టర్ కార్ బిల్డర్స్ అసోసియేషన్ ప్రమాణాల్లో 3¾ × 7 అంగుళాలది 'A' రకం, 4¼ × 8 అంగుళాలది 'B' రకం. ఆ కొలత ట్రక్కు ఎంత బరువు మోయడానికి తయారైందో చెబుతుంది. పెట్టె పక్కన రాసిన బరువు దానికి మించి ఉంటే ట్రక్కు మారిందో, రాత మారిందో తేల్చుకోవాలి. కాలిఫోర్నియాలోని న్యూవార్క్‌లో కార్టర్ సోదరులు చేసిన పెట్టెల కింద దొరికే చెక్క దూలాల ట్రక్కులు మాత్రం వేరే సంగతి. అవి అరుదు, వాటి పనితనం కార్టర్ వర్క్‌షాపును వెంటనే గుర్తు పట్టిస్తుంది. కార్టర్ వారి పెట్టెలను నేడు ఫ్రీమాంట్‌లోని ఆర్డెన్‌వుడ్‌లో పునరుద్ధరిస్తున్నారు.

చిన్న ఇనుప సామాను పెద్ద విషయాలు చెబుతుంది, కానీ ఒక్కొక్కటి విడిగా చెప్పదు. ఇనుప రేకు నుంచి కత్తిరించిన, చతురస్రపు మొన ఉన్న మేకులను 1890ల తొలినాళ్లకు గుండ్రని తీగ మేకులు అమ్మకాల్లో దాటిపోయాయి. కాబట్టి ఒక పలక మొత్తం కత్తిరించిన మేకులతోనే బిగించి ఉండి, మేకు చుట్టూ చెక్క కదిలిన గుర్తు లేకపోతే ఆ పలక పాతదని అనుకోవడానికి ఆధారం ఉంది. చతురస్రపు నట్టు మాత్రం కాలాన్ని చెప్పదు, చెక్క పెట్టెల్లో దాన్ని చాలాకాలం వాడారు. నాలుగు చతురస్రపు నట్ల మధ్య ఒక ఆరు పలకల నట్టు కనిపిస్తే అక్కడ మరమ్మతు జరిగిందని మాత్రం అనుమానించాలి. పోత ఇనుప భాగాల మీద కంపెనీ పొడి అక్షరాలు, అచ్చు సంఖ్యలు ఉబ్బెత్తుగా వస్తాయి. తయారీదారు ముద్ర కూడా ఒక హద్దు ఇస్తుంది: అమెరికన్ కార్ అండ్ ఫౌండ్రీ పదమూడు కంపెనీల కలయికతో ఏర్పడింది 1899లో, కాబట్టి ఆ పేరున్న పోత అంతకు ముందుది కాజాలదు. అదే విధంగా డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో జాక్సన్ అండ్ షార్ప్, పెన్సిల్వేనియాలోని యార్క్‌లో బిల్మయర్ అండ్ స్మాల్ వంటి పెట్టెల తయారీదారుల పనితనానికి గుర్తులుగా తలుపు పట్టీల వంపులు, కమ్మీల చివరలు ఉపయోగపడతాయి.

ఒళ్లు, అంటే పక్కలు, పైకప్పు, తలుపులు. బాక్స్‌కార్ పక్క పలకల్లో ఒకదాని అంచు మరోదాని గాడిలోకి దిగుతుంది. పలక వెడల్పు, అతుకు దగ్గర ఉన్నది గుండ్రటి గీతా, కోసుగా చెక్కినదా అన్నది కొలిచి రాసుకోవాలి, ఎందుకంటే కొత్త పలకలను అసలు వెడల్పులోనే వేయాలన్న పట్టింపు మరమ్మతు చేసేవారికి అన్నివేళలా ఉండదు. 1904లోనే వచ్చిన 5500 శ్రేణి పశువుల పెట్టెల్లో ఈ గొడవ లేదు, పక్కలు ఎడం ఎడంగా వేసిన బద్దెలు కాబట్టి స్తంభాలు, ఏటవాలు కమ్మీలు, వాటి గుండా దిగే కడ్డీలు బయటికే కనిపిస్తాయి. చెక్క పెట్టె ఎలా నిలబడుతుందో నేర్చుకోదలచినవారు వీటితో మొదలుపెట్టడం మంచిది. బొగ్గు, ఖనిజం మోసిన పైకప్పు లేని పెట్టెలైన గొండోలాల్లో అడుగు తలుపులు తెరుచుకునే రకానికి పక్కన ఇరుసు, గొలుసులు ఉంటాయి. తలుపులు తరువాత శాశ్వతంగా మూసేసినా ఇరుసు పట్టిన ఇనుప గూళ్లు మిగులుతాయి. శీతల పెట్టెలను మూలల్లో ఐసు వేసే మూతలు, మందపాటి తలుపులు పట్టిస్తాయి. పెన్సిల్వేనియా ఈస్ట్ బ్రాడ్ టాప్ 1913 నుంచి పూర్తి ఉక్కు హాపర్‌లకు, అంటే అడుగు నుంచి సరకు జారిపోయే పెట్టెలకు, మారింది. అక్కడ చదవవలసినవి రివెట్ల వరుసలు, ఏ వరుస ఆగి వెల్డింగు మొదలైందో ఆ చోటు.

ఇంతా అయ్యాక రంగు దగ్గరికి రావచ్చు. సీసం కలిసిన తెల్ల రంగు తన కింద ఉన్న చెక్కను ఎండ నుంచీ గాలి నుంచీ కాపాడుతుంది. చుట్టూ ఉన్న ఎర్ర రంగు పల్చబడి చెక్క అరిగిపోయినప్పుడు, అక్షరం ఉన్న చోటు అరగక కొంచెం ఎత్తుగా మిగులుతుంది. రంగు పూర్తిగా పోయినా సరే, టార్చిలైటును పలకకు దాదాపు ఆనించి పక్కనుంచి వేస్తే ఆ పాత అక్షరాలు నీడలుగా తేలుతాయి. రెండు నంబర్లు ఒకదాని మీద ఒకటి కనిపించడం అరుదేమీ కాదు. ఏ అక్షరం ముందుదో నిర్ణయించడానికి కంపెనీ పేరు సాయపడుతుంది: చివర వెస్టర్న్ అని సూచించే అక్షరం ఉంటే 1921 తరువాతది. పలకలు ఒకచోటి నుంచి తీసి మరోచోట వేసి ఉంటే అక్షరం ముక్కలు వరుస తప్పుతాయి; అది కూడా ఒక సమాచారమే.

పెట్టెను చూడటం అయిన తరువాతే కాగితాలు తెరవడం నా పద్ధతి, లేకపోతే కాగితంలో ఉన్నదే కంటికి కనిపించడం మొదలవుతుంది. కంపెనీలు తమ పెట్టెల శ్రేణులకు ఒక్కో పుటలో బొమ్మ, ముఖ్య కొలతలు ఇచ్చే ఫోలియో పుస్తకాలు ఉంచుకునేవి. 1913 నాటి మూల్యాంకన చట్టం కింద రైల్వేల ఆస్తులన్నిటినీ లెక్కించినప్పుడు తయారైన జాబితాలు మరో ఆధారం. ఫోటోల్లో తయారీదారు తీయించినవి అందంగా ఉంటాయి గానీ అవి పెట్టె మొదటి రోజును మాత్రమే చూపిస్తాయి. సరకు మోస్తూ మురికిపట్టిన పెట్టెను తీసిన ఓటో పెర్రీ వంటివారి చిత్రాలు, డెన్వర్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నవి, నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. పాత గాజు పలకల ఫోటోల్లో ఒక చిక్కు ఉంది: ఆనాటి రసాయన పూత ఎరుపును గ్రహించేది కాదు కాబట్టి ఇటుక రంగు పెట్టె దాదాపు నల్లగా పడుతుంది, ఆ ఫోటో చూసి పెట్టె నల్ల రంగుదని అనకూడదు. ఫోలియో కొలతలను వాడేటప్పుడు కూడా, పొడవు అని రాసిన అంకె లోపలి గోడల మధ్యదా, చివరి అడ్డదూలాల బయటి అంచుల మధ్యదా, కప్లర్ల మొనల మధ్యదా అన్నది బొమ్మలోని గీతను పట్టుకుని తేల్చుకున్నాకే మీరు టేపుతో తీసిన కొలత పక్కన రాయాలి.